కరెంటు వంతులు

“ఈ కర్ర పట్టుకెళ్ళి మీ చిన్నాన్న గుమ్మంలో పెట్టిరా. ఇవాళ్టి నుంచి కాలువ పెద్ద ఆయనే,” అన్నాడు ముర్షిద్.

రయ్యా కదల్లేదు. తాతల నాటి నుంచి సుదైరా ఊళ్ళో నీళ్ళ వంతులు ఆ కర్ర నీడను బట్టే నడిచాయి. ఎవరి తోటకు ఎప్పుడు నీళ్ళు వదలాలో, ఎప్పుడు కట్టెయ్యాలో దాని నీడ చెబితే ఊరంతా తల వంచేది. ఇప్పుడది చెప్పుల పక్కన గోడకు ఆనించి ఉంది.

“నేను పెట్టను.”

“అయితే నేనే పెడతాను.”

“పెట్టు నాన్నా. ఊళ్ళో వాళ్ళు గురువారం నవ్వింది చాల్లేదేమో, ఇవాళ ఇంకాస్త నవ్వుతారు.”

ఆ మాట జారాక రయ్యా నాలిక కరుచుకుంది. ముర్షిద్ కూతురి వంక చూడనైనా లేదు. గడ్డం కింద చేయి పెట్టుకుని, కిటికీలోంచి కొండ మీద వరసగా మెరుస్తున్న సోలార్ పలకల వంక చూస్తూ కూర్చున్నాడు. ఎండ వాటి మీద పడి కళ్ళు చెదిరిపోతున్నాయి. ఇంత ఎండ ఉండి, ఇంత కరెంటు ఉండి, పంచుకోవడం చేతకాక ఊరు ఓడిపోతుందంటే రయ్యాకు కడుపు మండిపోతోంది.

మధ్యాహ్నం దాటింది. సాయంత్రం అస్ర్ నమాజు కాగానే కరెంటు శాఖ ఇంజనీరు యాకూబ్ వస్తాడు. ఇదే రెండో పరీక్ష, ఆఖరిది కూడా. ఇవాళ డీజిల్ ఇంజను ఆపి, రాత్రి ఇషా నమాజు దాకా ఊరు తన కరెంటు మీద తానే నిలబడితే, ప్రతి ఇంటి పెద్దా ఒప్పుకుంటే, కొండ మీది పలకలూ బ్యాటరీలూ ఊరి చేతికే వస్తాయి. ఒక్క ఇల్లు కాదన్నా, ఒక్కసారి ఊరంతా చీకటైనా, వాటిని టౌను లైనుకు కలిపేస్తారు. అప్పుడు సుదైరా ఆ లైనుకు చిట్టచివరి ఊరు. నిరుడు వాగు పొంగి స్తంభాలు కొట్టుకుపోయినప్పుడు కింది ఊళ్ళు ఎన్ని రాత్రులు చీకట్లో మగ్గాయో రయ్యా మర్చిపోలేదు. మస్కట్లో ఉద్యోగం వదులుకుని ఆమె తిరిగి వచ్చింది ఇందుకే.

“వంతులు పెట్టింది నేను. ఊరు చీకటైంది నా వల్ల. ఇంకెవరికి మొహం చూపించను?” అన్నాడు ముర్షిద్.

“నీ ఒక్కడి వల్లేంటి? నేను మాత్రం ఆపానా? నీళ్ళలాగే పంచేద్దాం అని నువ్వంటే, ఆహా అన్నాను.”

గురువారం జరిగింది తలుచుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియదు. ముర్షిద్ ఊరిని నాలుగు వంతులు చేశాడు. ఒక వంతు వాళ్ళకు కరెంటు ఉన్నంతసేపు మిగతా వాళ్ళకు చుక్క కూడా లేదు. ఇక సుదైరా జనానికి వంతంటే ఏమిటో పుట్టుకతోనే తెలుసు. నీ వంతు నీళ్ళు నువ్వు పట్టుకోకపోతే అవి పక్కవాడి తోటలోకి పారిపోతాయి. అందుకని వంతు రాగానే గట్టు పూర్తిగా తెరిచెయ్యాలి. సరిగ్గా అదే చేశారు. మొదటి వంతు రాగానే ముసలి హిలాల్ ఇంట్లో బట్టల మిషను, ఇస్త్రీ పెట్టె, ఓవెను, రెండు ఏసీలు, బావి మోటారు అన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. పక్కింటివాళ్ళు శుభ్రంగా ఉన్న దుప్పట్లు కూడా మిషన్లో పడేశారు. మూడో ఇంట్లో మనుషులు లేకపోయినా ఏసీ వేసి తలుపేసుకుని వచ్చారు. వృథా పోతుందని!

ఊరంతా ఠప్పున ఆరిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఆరింది.

“నాలుగు రోజులైంది ఈయన సరిగ్గా తిని,” అంటూ వంటింట్లోంచి ఘసీనా వచ్చింది. రయ్యా తల్లి మాట్లాడితే గిన్నెలు కూడా వింటాయి. పళ్ళెంలో నెయ్యి పూసిన పల్చటి రొట్టె, ఖర్జూరాలు, పక్కన నీళ్ళ కూజా. “తండ్రీ కూతుళ్ళు సాయంత్రం దాకా పోట్లాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ముందు తినండి.”

“నాకొద్దు.”

“సరే, రొట్టె మానెయ్. నీళ్ళన్నా తాగు.”

“వద్దన్నానా!”

ఘసీనా కూజాని ఆయన ముందు ఠక్కున పెట్టింది. “తాగవయ్యా మహానుభావా! ఇవేం వంతు నీళ్ళు కావు. తాగే నీళ్ళకు ఇంకా ఈ ఊళ్ళో వంతు పెట్టలేదులే నువ్వు!”

ముర్షిద్ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. కానీ ఆయన కన్నా ముందు రయ్యా లేచి నిలబడింది.

“అమ్మా, ఏమన్నావు?”

“ఏమంటాను? తాగమన్నాను. అదీ తప్పేనా?”

“కాదు, కాదు. తాగే నీళ్ళకు వంతు లేదన్నావు.” రయ్యా గబగబా వచ్చి తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుంది. “నాన్నా, కాలువ ఊళ్ళోకి రాగానే మొదట ఏముంది?”

“నీకు తెలియదా? చిన్నప్పట్నించీ బిందె పట్టుకెళ్ళలేదా?”

“తెలుసు. నీ నోటితో చెప్పు.”

“తాగే నీళ్ళ రేవు,” అన్నాడు ముర్షిద్ విసుగ్గా.

“అక్కడ వంతుందా?”

“తాగే నీళ్ళకు వంతేంటే, పిచ్చిపిల్లా! దారిన పోయేవాడు కూడా తాగొచ్చు. ఆ తర్వాతే తోటలు. వంతులు తోటలకే…”

ఆయన మాట అక్కడితో ఆగిపోయింది.

ఘసీనా ఒకసారి మొగుడి వంక, ఒకసారి కూతురి వంక చూసి, ఇద్దరికీ మతి పోయిందనుకుని మెల్లగా గోడ పక్కన కూర్చుంది.

“దీపాలు, ఫంకా, ఫ్రిజ్జు,” అంది రయ్యా. “ఇవి తాగే నీళ్ళు నాన్నా! వీటికి వంతు పెట్టి మనం జనాన్ని భయపెట్టాం. ఫ్రిజ్జులో పాలు విరిగిపోతుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? వంతు రాగానే మీద పడ్డారు. ఇరవై నాలుగు గంటలూ అందరికీ దీపం, ఫంకా, ఫ్రిజ్జు వదిలేద్దాం. వంతులు ఏసీలకూ, మోటార్లకూ, మిషన్లకూ పెడదాం. అవి తోటలు.”

“వైర్లు?”

“ప్రతి ఇంటి పెట్టెలోనూ దీపాలకూ ఫ్రిజ్జుకూ చిన్న స్విచ్చొకటి, ఏసీలకూ మోటార్లకూ పెద్ద స్విచ్చొకటి ఉండనే ఉన్నాయి. రెండిటికీ కలిపి వంతు పెట్టాం. అదే మనం చేసిన తప్పు.”

ముర్షిద్ కూజా ఎత్తి గటగటా తాగేశాడు. గడ్డం మీద నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

“చాలదు,” అన్నాడు.

“ఏం చాలదు?”

“వంతు నాది కదా అని మళ్ళీ గట్టు మొత్తం తెరిచేస్తారు. ఆ హిలాల్ సంగతి నీకు తెలియదు, తోటలో చేపలు పెంచేటంత నీళ్ళు పెడతాడు. వంతుకో కొలత కూడా ఉండాలి. ఒక ఇంటి వంతంటే ఒక ఏసీ. అంతే. ఎక్కువ కావాలంటే పక్కింటి వంతు అడిగి పుచ్చుకోవాలి. నీళ్ళలో మనం పుచ్చుకోమా?” ఆయన కళ్ళు వెలిగిపోతున్నాయి. “నీ వంతు ఇవాళ నాకిస్తే నా వంతు ఆదివారం నీకు. సాక్షుల ముందు ఇచ్చానని ఒకరు, తీసుకున్నానని ఇంకొకరు. ఇందులో కొత్తగా నేర్చుకోవలసిందేముంది? ఒసే ఘసీనా, రొట్టె ఇలా తే!”

“ఇప్పుడు తింటాడట,” అంది ఘసీనా. కానీ రొట్టె అప్పటికే ఆయన చేతిలో ఉంది.

రయ్యాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాలుగు రోజుల తర్వాత తండ్రి మళ్ళీ తండ్రిలా మాట్లాడుతున్నాడు. తింటూనే వేళ్ళ మీద ఇళ్ళు లెక్కపెడుతున్నాడు, ఎవరికి ముందు, ఎవరికి వెనక, ఎవరింట్లో మంచం పట్టిన ముసలివాళ్ళున్నారు, ఎవరింట్లో పసిబిడ్డ ఉంది. ఆ లెక్క మస్కట్లో ఏ కంప్యూటరుకూ తెలియదు.

*

సావిడి కిక్కిరిసిపోయింది. మగవాళ్ళంతా గోడల వెంట వరసగా కూర్చున్నారు. ఆడవాళ్ళు గుమ్మం దగ్గర గుంపు కట్టారు. కాఫీ గిన్నెలు చేతులు మారుతున్నాయి. ఇంజనీరు యాకూబ్ పక్కన ఫోను చేత్తో పట్టుకుని రయ్యా కూర్చుంది. ఏ ఇల్లు ఎంత కరెంటు లాగుతోందో అందులో కనబడుతుంది.

ముర్షిద్ చెప్పడం మొదలుపెట్టాడు. తాగే నీళ్ళు అనగానే తలలు ఆడాయి. తోటలు అనేసరికి జనం ముందుకు వంగారు. గురువారం రయ్యా కిలోవాట్లని చెబితే ఆవలించిన మనుషులే వీళ్ళు!

“మరి ఆ పెద్ద స్విచ్చి రోజుకెంతసేపు?” అని హిలాల్ అడిగాడు.

“నీ వంతు రాగానే వేస్తారు. ఒక్క ఏసీకి సరిపడా.”

“బట్టల మిషను?”

“ఏసీ ఆపుకుని వేసుకో. ఉతికిన దుప్పట్లే ఉతుక్కుంటే నీ ఇష్టం.”

సావిడంతా గొల్లుమంది. హిలాల్ కూడా నవ్వుతూ చేయి ఎత్తాడు. “నాకు సమ్మతమే.” ఆ తర్వాత ఒక్కొక్క ఇంటి పెద్దా చేయి ఎత్తసాగాడు. చివరికి ఒక్కడు మిగిలాడు. ఆమె చిన్నాన్న జహ్రాన్.

ఆయన మంచి తలపాగా చుట్టుకుని, బెత్తం మోకాళ్ళ మీద పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నాడు. తాత పోయాక తోటలు పంచుకున్నప్పటి నుంచి అన్నదమ్ముల మధ్య సలాము తప్ప మాట లేదు. కొండ వాలులో పాత మేడను బాగుచేయించి ఆయన అతిథి గృహం పెట్టాడు. మస్కట్ నుంచి చల్లగాలికని కుటుంబాలు వస్తాయి. టౌను లైను వస్తే ఇంకో ఎనిమిది గదులు కట్టాలని ఆయన ఆశ. అది తప్పు కూడా కాదు.

“అంతా బాగుంది,” అన్నాడు జహ్రాన్. “పంచేదెవరు? గురువారం పంచినాయనేనా?”

నవ్వులు ఆగిపోయాయి.

ముర్షిద్ తొణకలేదు. “కాదు. నాకు నీడ చూడటం వచ్చు, ఆ ఫోను చూడటం రాదు. నీళ్ళకు నేనున్నాను. కరెంటుకు కాలువ పెద్ద నా కూతురు.”

రయ్యా ఉలిక్కిపడింది. ఈ మాట ఇంట్లో అనుకోలేదు. ఆడపిల్ల వంతులు పంచడం సుదైరాలో ఎవరూ కనీవినీ ఎరుగరు. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళ గుంపులోంచి మాత్రం ఘసీనా గొంతు వినపడింది.

“ఏం, బిందెలు మోసినన్నాళ్ళూ రేవు దగ్గర వంతులు చూసింది ఎవరో? మీరా?”

మళ్ళీ నవ్వులు. ఒకరు అవునంటే, ఇంకొకరు చూద్దామన్నారు. జహ్రాన్ బెత్తం నేల మీద తట్టాడు.

“సరే, పెద్దగారూ,” అన్నాడు అన్న కూతురితో, ఆ మాటను సాగదీస్తూ. “ఇవాళ నా ఇంట్లో అతిథులున్నారు. నాలుగు గదులు. నాలుగు ఏసీలు కావాలి.”

“మీ వంతు ఒకటి చిన్నాన్నా. ఎడమ పక్క రెండిళ్ళవాళ్ళూ అతిథుల కోసం తమ వంతు మీకిస్తామని ఇందాకే చెప్పారు. మొత్తం మూడు. నాలుగో గదికి ఫంకా ఉంటుంది. తర్వాతి వంతులో దానికీ ఇస్తాను.”

“అతిథికి ఫంకానా?”

“మూడే, చిన్నాన్నా.”

ఆ మాట ఎలా అనగలిగిందో ఆమెకే తెలియలేదు. జహ్రాన్ అన్న వంక తిరిగాడు.

“నన్నెందుకు చూస్తావు?” అన్నాడు ముర్షిద్. “వంతు అడగవలసింది కాలువ పెద్దని.”

జహ్రాన్ గడ్డం నిమురుకున్నాడు. అప్పుడు అందరూ చూస్తుండగా చేయి ఎత్తాడు, సగం మటుకే. “ఇషా దాకా చూస్తాను. అప్పుడు చెబుతాను నా మాట.”

యాకూబ్ ఫోన్లో ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడాడు. కొండ కింద డీజిల్ ఇంజను దగ్గింది, గునిసింది, ఆగింది.

పుట్టినప్పటి నుంచీ చెవుల్లో ఉన్న ఆ రొద ఆగేసరికి ఊరు ఊరే మళ్ళీ కొత్తగా అనిపించింది. ఎక్కడో మేక అరవడం, కాలువలో నీళ్ళ చప్పుడు వినిపించాయి. సావిడి ఫంకా నెమ్మదించింది. రెక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. అందరూ తలలు పైకెత్తారు.

ఫంకా ఊపందుకుంది.

“అల్లాకు వందనం!” అని హిలాల్ కేక పెట్టాడు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ పెళ్ళినాటి కేకలు వేశారు. యాకూబ్ కూడా నవ్వేశాడు. రయ్యా ఫోను వంక చూసింది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. మొదటి వంతు ఏసీలన్నీ నడుస్తున్నాయి. లెక్కకు లెక్క సరిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆమెకు.

మగ్రిబ్ నమాజు అయింది. పలకల మీద ఎండ పోయింది, ఇక ఉన్నవి బ్యాటరీలే. అప్పుడు ఫోన్లో ఒక అంకె పైకి లేచింది.

అతిథి గృహం. నాలుగో ఏసీ.

రయ్యా తలెత్తింది. జహ్రాన్ ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆమె వంకే చూస్తున్నాడు. పొరపాటు కాదు, కావాలనే వేయించాడు. యాకూబ్ కూడా ఫోను చూసి పెదవి విరిచాడు. “ఇలాగే ఉంటే ఊరు మొత్తం ఆరిపోతుంది,” అన్నాడు మెల్లగా.

ఆమె లేచి బయటికి నడిచింది. వెనక చెప్పుల చప్పుళ్ళు, గుసగుసలు. సందు మలుపు తిరిగేసరికి సగం ఊరు ఆమె వెంట ఉంది. అతిథి గృహం గోడకున్న పెట్టె తెరిచి పెద్ద స్విచ్చి మీద చేయి వేసింది.

“రయ్యా!” జహ్రాన్ రొప్పుతూ వచ్చాడు. “లోపల అతిథులున్నారు! నా గడప మీద నా అతిథికి అవమానం జరిగితే మీ నాన్నకూ నాకూ ఈ జన్మకు సంబంధం ఉండదు. చెయ్యి తియ్!”

అతిథి మాట ఎత్తితే ఈ ఊళ్ళో ఎదురు చెప్పేవాడు లేడు. కానీ కింద ఇన్ని ఇళ్ళల్లో దీపాలు, ఫంకాల కింద నిద్రపోతున్న పసివాళ్ళు, పాలు, మందులు. అవి తాగే నీళ్ళు.

ఆమె స్విచ్చి కిందికి లాగింది.

ఏసీలు ఆగాయి. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. పై గది కిటికీ తెరుచుకుని ఎవరో ఆవిడ తొంగి చూసి, ఇంతమందిని చూసి చప్పున మూసుకుంది.

జనం చీలి దారి ఇచ్చారు. ముర్షిద్ ముందుకు వచ్చాడు. తమ్ముడి మొహంలోకి సూటిగా చూశాడు. రయ్యాకు తెలిసి అలా చూడటం ఇదే మొదటిసారి.

“ఈ పూట మా ఇంటి వంతు జహ్రాన్‌కు ఇచ్చాను,” అన్నాడు అందరూ వినేలా. “అతిథులు ఊరికి అతిథులు. మా ఇంట్లో మేం డాబా మీద పడుకుంటాం.”

“వంతు చేతులు మారడానికి పెద్ద ఒప్పుకోవాలి,” అన్నాడు హిలాల్ వెనక నుంచి.

“నేను ఒప్పుకుంటున్నాను,” అంది రయ్యా. “నాలుగు వంతులు, నాలుగు ఏసీలు. లెక్క సరిపోయింది. చిన్నాన్నా, మీరు తీసుకున్నాననాలి.”

అన్నదమ్ములు వంతులు మార్చుకుని ఎన్నేళ్ళయిందో ఆ సందులో అందరికీ తెలుసు. ఇచ్చిన వంతు పుచ్చుకుంటే పాత పగ వదులుకున్నట్టే. వద్దంటే ఊరు ఓడిపోయినట్టే.

మసీదు నుంచి ఇషా నమాజు పిలుపు మొదలైంది. జహ్రాన్ కళ్ళు అన్న మీద నుంచి రయ్యా మీదికి, ఆమె చేతి మీదికి మళ్ళాయి. పెదవులు కదిలాయి.

స్విచ్చి మీద చేయి అలాగే ఉంచి, ఆ ఒక్క మాట కోసం ఆమె ఎదురుచూస్తోంది.